ఐదు మైళ్లు ఒడిలో, ఐదు మైళ్లు కుర్చీలో

కర్నూలు నుంచి కడపకు పోవడం గొప్ప పనేం కాదు. పొద్దున బస్సెక్కితే సాయంత్రానికి ఒళ్లంతా దుమ్ముతో దిగొచ్చు. దాని మీద రాయడానికి ఏముందని కోర్టులో మిత్రులు అడిగారు. నిజమే. కానీ రెండేళ్లు దాటిన కూతురినీ, అరవై దాటిన తల్లినీ, చిలకలు చెక్కిన టేకు కుర్చీనీ ఒకే కారులో ఎక్కించుకుని మూడు రోజులు ప్రయాణం చేసినవాళ్లు వాళ్లలో ఒక్కరూ లేరు. అందుకని, పోనివాళ్ల కోసం రాస్తున్నాను.

కుర్చీ పుట్టుక

రాజధాని హైదరాబాదుకు తరలిపోయినప్పుడు మా ఊళ్లో మిగిలినవి ఖాళీ అద్దె ఇళ్లు, ఆఫీసర్లు అయినకాడికి అమ్ముకుపోయిన సామాన్లు. అలా ఒక పాత కారు నా పాలబడింది. నేను ప్లీడరును. కర్నూలు-కడప (కె.సి.) కాలువ కింద రైతుల నీటి వంతుల తగాదాలే నాకు తిండి పెడుతున్నాయి. కారు వచ్చాక నా హోదా పెరిగిందో లేదో గానీ, ఇంట్లోకే ఒక తగాదా వచ్చి కూర్చుంది.

కిందటేడు మంత్రాలయం పోతున్నాం. ఎద్దు అడ్డం వస్తే డ్రైవరు ఖాసీం బ్రేకు తొక్కాడు. నా భార్య సుభద్ర ఒళ్లో ఉన్న మా చెంచులక్ష్మి, అంటే చెంచి, ఎగిరి ముందు సీటుకు కొట్టుకుంది. నుదుటికి రెండు కుట్లు పడ్డాయి. గాయం రెండు వారాల్లో మానింది. "తల్లి పట్టు ఇడిసింది" అన్న మా అమ్మ మాట మాత్రం మానలేదు. ఆ మాట ఆమె పూజారికి చెప్పింది, పాలామెకు చెప్పింది, ఫైళ్లు మోసుకొచ్చిన కోర్టు బంట్రోతుకు కూడా చెప్పింది. తను ఐదుగురిని కని ఎద్దులబండిలో, జట్కాలో, రైల్లో తిప్పింది. ఒక్కరినీ కింద పడేసుకోలేదు. సుభద్ర మొదట్లో "నేను వదలలేదు" అనేది. తర్వాత అనడం మానేసింది. నేను ఆమె పక్కన నిలబడి ఒక్క మాట మాట్లాడలేదు. వదిలే ఉంటుందిలే అని నాకూ లోపల ఉండేది. ఇది రాయడానికి సిగ్గుగానే ఉంది.

ఈ ఏడు సుభద్ర రెండో కాన్పుకు కడపలో పుట్టింటికి పోయింది. కొడుకు పుట్టి నెల దాటాక ఉత్తరం రాసింది. చెంచిని చూడాలని ఉందట. దారిలో అహోబిలంలో పుట్టువెంట్రుకలు తీయించుకుని తీసుకురమ్మంది. చివర్లో ఇంకో మాట చేర్చింది: "పాప నుదుటి మీద ఒక్క మచ్చే ఉండాలి. రెండోది కనిపిస్తే, పాప ఎవరి చేతుల్లోంచి జారిందో నేను అడగను. మీరే చెప్పాలి."

ఆ వాక్యం నన్ను కుదురుగా కూర్చోనివ్వలేదు. కారు కొన్నప్పుడు దాని అరలో ఒక పాత ఇంగ్లీషు పత్రిక దొరికింది. అందులో ఒక దొరసాని కారు నడుపుతుంటే పక్కన చిన్న కుర్చీలో పిల్ల కూర్చున్న బొమ్మ ఉంది. కుర్చీకి రెండు కొక్కేలు; వాటిని కారు సీటు వీపుకు తగిలించారు. బొమ్మ పట్టుకుని వడ్రంగి ఆచారి దగ్గరికి పోయాను. ఆయన గుడి తలుపులు, దేవుడి వాహనాలు తప్ప వేరే పని ముట్టడు. నా కోసం ముట్టాడు. ఇరవై రోజుల తర్వాత చూస్తే కుర్చీ వీపున పద్మం, చేతులకు రెండు చిలకలు, కింద ఏనుగు తొండాలు. బొమ్మలో ఇవి లేవు కదా అన్నాను. "ఆ బొమ్మ గీసినోనికి పని రాదప్పా" అన్నాడు.

అమ్మ ఆ కుర్చీ చుట్టూ ఒకసారి తిరిగి తీర్పు చెప్పేసింది. "ఒడి ఉండంగ కొయ్య ఏంటికిరా? నా ఒళ్లోంచి యాడికి పోతాది బిడ్డ?"

రెండు రోజులు వాదించాను. చివరికి కాలువ కింద రైతుల పద్ధతిలోనే రాజీ కుదిరింది: వంతులు. ఐదు మైళ్లు ఒడిలో, ఐదు మైళ్లు కుర్చీలో. మైలురాళ్లు సాక్షులు. కుర్చీలో కూర్చోబెట్టేటట్టయితే దారి పొడుగునా కూర్చోబెట్టాలి గానీ, సగం దారి భద్రం ఏం భద్రమని నాకూ తెలుసు. కానీ మా అమ్మ మీద దావా గెలిచిన ప్లీడరు జిల్లాలో లేడు.

నంద్యాల దారి

వంతుల తగాదాల్లో నన్ను మించినవాడు లేడనుకునేవాణ్ణి. అమ్మ ముందు నేను నిన్న చేరిన గుమాస్తాను. తన వంతు తీరే రాయి దగ్గర పడగానే ఆమె అవతలి కిటికీలోంచి జింకో, నెమలో చూపించేది. మేం అటు చూసేలోపల రాయి దాటిపోయేది. కనపడని రాయి లెక్కలోకి రాదు. ఇంకో ఎత్తు మరీ ఘనమైనది. వంతు తీరబోయే ముందు చెంచిని జోకొట్టి నిద్రపుచ్చేది. నిద్రపోయే బిడ్డను కదిలించకూడదు కదా. మడిలోకి పారిన నీళ్లను మళ్లీ కాలువలోకి తోడిస్తావా అని నన్నే అడిగింది. ఖాసీం నవ్వు బయటపడకుండా దగ్గు మొదలుపెట్టాడు.

అలా పాణ్యం దాటేదాకా కుర్చీ ఖాళీగానే వచ్చింది. బొమ్మలో చూపినట్టే దాన్ని ముందు ఎడమ సీటు వీపుకు తగిలించాం. వెనక అమ్మ, చెంచి, నేను. ఒకచోట రైలు గేటు పడుతుంటే ఖాసీం బ్రేకు వేశాడు. పెద్ద బ్రేకు కూడా కాదు. మేం కొంచెం ముందుకు ఊగామంతే. కానీ మాది రెండు తలుపుల కారు. వెనక్కి మనుషులు ఎక్కాలంటే ముందు సీటు వీపును మడవాలి. ఆ వీపు తనంతట తాను మడతపడి ముందుకు వాలింది. దాని వెంట కుర్చీ కూడా వాలి, చిలకల ముక్కులు రెండూ ఎదురుగా ఉన్న ఇనుప పలకకు టంగుమని తగిలాయి. అందులో చెంచి ఉండి ఉంటే అనుకుంటూ ఆ వీపును వెనక్కి గుంజి పట్టుకున్నాను.

అమ్మ మాత్రం కేసు గెలిచింది. కొయ్యకూ పట్టు లేదు, నీ పెండ్లానికీ పట్టు లేదు, సరిపోయారని అంది. గేటు తెరిచేదాకా ఆ సంగతి గేటు కాపలావాడికి కూడా వివరంగా చెప్పింది.

మస్తాన్ కొట్టు

నంద్యాలలో ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు తిన్నాం. మా కర్నూల్లో ఉగ్గానికి నానబెట్టిన బొరుగులను బాగా పిండి పొడిపొడిగా చేస్తారు. అక్కడ కాస్త తడిగా ఉంచి పుట్నాల పొడి దండిగా వేస్తారు. అమ్మ రెండో పొట్లం తింటూ మనదే బాగుందని చెప్పింది.

ఖాసీం కారును లారీలు బాగుచేసే మస్తాన్ కొట్టుకు తోలాడు. మస్తాన్ మోకాళ్లదాకా లుంగీ ఎగగట్టిన పెద్దమనిషి. పత్తి బేళ్లు ఎత్తిన లారీలకు తాళ్లు కట్టడంలో ఆ వీధిలో ఆయన మాటే మాట. కుర్చీని చాలాసేపు చూశాడు. ముందు చిలకలను మెచ్చుకున్నాడు. తర్వాత నన్ను అడిగాడు.

"ఏమప్పా వకీలు సామీ, కుర్చీని సీటుకు కట్టినావు. బాగుండాది. మరి సీటును దేనికి కట్టినావు?"

నేను వంగి చూశాను, సీటు దేనికీ కట్టి లేదు.

ఆయన నన్ను అరుగు మీద కూర్చోబెట్టి పని మొదలుపెట్టాడు. కొక్కేలు కోసేశాడు. ముందు కాదు, వెనకే పెట్టాలన్నాడు. ముందు కూర్చున్నవాడికే మొదటి దెబ్బ అని లారీ క్లీనర్లందరికీ తెలుసట. వెనక సీటు ఎడమ పక్క దిండు తీయించి, కింద ఇనుప చట్రానికి బెజ్జాలు వేసి, దొడ్డు ఇనుప పట్టీలతో కుర్చీని బోల్టులేసి బిగించాడు. పాత పిండిమర పట్టా చీల్చి వారులు చేశాడు. రెండు భుజాల మీదుగా రెండు, తుంటి మీదుగా ఒకటి. నేను కడుపు మీదుగా ఇంకోటి వేయమన్నాను. మెత్తటి చోట పట్టా కట్టకూడదు, ఎముక మీదే పట్టాలన్నాడు. వారు బిగించాక కింద రెండు వేళ్లు దూరాలి, మూడోది దూరకూడదు. చిలకల ముక్కులను రంపంతో కోసి సైకిలు ట్యూబు చుట్టాడు. అప్పటినుంచి అవి చిలకలో గుడ్లగూబలో తెలియడం లేదు.

అంతా అయ్యాక కుర్చీని రెండు చేతులా పట్టి గుంజాడు. కుర్చీ కదల్లేదు, కారు ఊగింది. లోడు గుంజితే బండి ఊగాలట, అదే పరీక్ష. పనికి మూడు రూపాయలు తీసుకున్నాడు.

అమ్మ ఇదంతా పక్కన నిలబడి చూస్తోంది. ఇంతమందిని మోసిన చేతులు ఈ పట్టాకన్నా తక్కువా అని ఆయన్నే అడిగింది. మస్తాన్ చేతులు తుడుచుకుని మర్యాదగా జవాబు చెప్పాడు.

"శానా గట్టి చేతులే తల్లీ. కాకుంటే బ్రేకు వస్తాదని చేతులకు ముందే తెలియాల. పట్టాకు తెలియాల్సిన పని లేదు."

అమ్మ అది విని కారెక్కి కూర్చుంది. రెండో ఫర్లాంగు రాయి దగ్గర మాత్రం, "వంతు నాదే గదా" అంది.

మహానంది

మహానందిలో ఆ సాయంత్రం గుడి ముందు కారు ఆపాం. అప్పటికి కుర్చీ వంతు నడుస్తోంది కాబట్టి చెంచి అందులోనే ఉంది. నేను సత్రంలో గది సంగతి చూసుకుని వచ్చేసరికి కారు చుట్టూ పదిమంది మూగి ఉన్నారు. పద్మం వీపున, నుదుట కుంకుమ, రెండు పక్కలా పక్షులు, మధ్యలో కదలకుండా కూర్చున్న మా చెంచి. ఒక ముసలామె చెంపలు వాయించుకుంటోంది. ఇంకొకాయన ఏ ఊరి ఉత్సవమని ఖాసీంను అడుగుతున్నాడు. ఖాసీం, "కర్నూలు" అని సమాధానం చెప్పి ఊరుకున్నాడు. చెంచి ఒడిలో అప్పటికి నాలుగు అరటిపళ్లు, ఒక కొబ్బరిచిప్ప చేరాయి. ఐదో పండును ఆమె తొక్కతో సహా కొరుకుతుంటే భక్తులకు అనుమానం వచ్చి ఒక్కొక్కరే తప్పుకున్నారు.

కోనేటి నీళ్ల గురించి విన్నది నిజమే. నడుము లోతులో నిలబడినా అడుగున పడిన కాసు కనిపిస్తుంది. మా ఊళ్లో తుంగభద్ర నీళ్లలో చెంబు పడితే చెంబే కనపడదు.

అహోబిలం

మర్నాడు ఆళ్లగడ్డలో ఒక పూటకూళ్లామె జొన్నరొట్టెలు, చెనక్కాయల, అంటే వేరుశనగల, చట్నీ పెట్టింది. ఆమె రొట్టెను చేత్తోనే తట్టి, పెనం మీద వేసేదాకా ఒక్క చీలిక రానివ్వలేదు. అమ్మ పరీక్షగా చూసి, ఈ చెయ్యికి పట్టు ఉందని మెచ్చుకుంది. ఆ మాట ఎక్కడికి పోతుందో నాకు తెలుసు. అక్కడికే పోయింది. రొట్టెలామె కూడా సుభద్ర పట్టు సంగతి విని "అయ్యో" అంది.

అహోబిలం కింది గుడి దగ్గర చెంచికి గుండు చేయించాం. కత్తి తగిలినంతసేపూ కొండలు దద్దరిల్లేలా ఏడ్చింది. జుట్టు పోయాక నుదుటి మచ్చ ఇంకా పెద్దదిగా కనపడింది. క్షురకుడు దాని మీద గంధం రాస్తూ ఇదేమిటని అడిగాడు. అమ్మ నోరు తెరిచింది. నేను ముందే "బ్రేకు పడింది" అన్నాను. ఏడాది తర్వాత సుభద్ర తరఫున నేను పలికినవి ఆ రెండు మాటలు. అమ్మ నా వైపు ఒకసారి చూసి, మిగతాది తనే పూర్తి చేసింది. నేను మళ్లీ ఊరుకున్నాను.

చాగలమర్రి దాటాక

మూడో రోజు పొద్దున చాగలమర్రి దాటాక ఒక రైతు చెట్టు కింద పుచ్చకాయలు రాశి పోసుకుని కూర్చున్నాడు. వియ్యాలవారింటికి వట్టి చేతులతో పోకూడదని అమ్మ కారు ఆపించింది. మా వైపు ఏటి ఇసుకలో పండేవి చెంబంత ఉంటాయి. ఇక్కడివి గంగాళాలంత ఉన్నాయి. అమ్మ ఒక్కొక్కటే తట్టి, చెవి పెట్టి విని, అన్నిటికన్నా పెద్దది పట్టింది. ఆరణాలు చెప్పాడు. ఐదణాలకు తెగింది. దాన్ని రెండు చేతులా ఎత్తి, "మన చెంచి అంత బరువు ఉండాది" అంది. మణుగుకు తక్కువ ఉండదు.

ఇప్పుడొచ్చింది చిక్కు. కారులో కాళ్ల దగ్గర ప్రసాదం గిన్నెలు, కొబ్బరికాయలు నిండిపోయాయి. కాయను సీటు మీద పెడితే దొర్లుతుంది, కింద పెడితే పగులుతుంది. చెంచి చూస్తే కుర్చీలో నిద్రపోయింది. నిజానికి ఆ రాయి నుంచి వంతు అమ్మది. రెండు రోజులుగా ఒక్క ఫర్లాంగు కూడా వదులుకోని మనిషి, ఆ కాయ కోసం మొదటిసారి తన వంతు వదులుకుంది. నా ఒళ్లో పెట్టుకుంటా, యాడికి పోతాదని కాయను పొట్టకు హత్తుకుని, రెండు చేతులూ దాని చుట్టూ వేసి, వేళ్లు పెనవేసింది. నేను ముందు సీట్లో కూర్చున్నాను.

రెండు మైళ్లు పోయామేమో. దువ్వూరు ఇంకా రాలేదు. చేను గట్టు మీదినుంచి గొర్రెల మంద ఒక్కసారిగా రోడ్డు మీదికి దూకింది. ఖాసీం నిలబడి తొక్కాడు బ్రేకును.

నా చెవి పక్కనుంచి ఏదో పోయింది. ఎదురుగా ఇనుప పలక మీద పెద్ద చప్పుడు. కళ్లు తెరిచేసరికి నా చొక్కా ఎర్రగా ఉంది. చేతులు ఎర్రగా ఉన్నాయి. అద్దం మీదినుంచి ఎర్రగా కారుతోంది. ఆ క్షణంలో నాకు గుర్తొచ్చింది ఒక్కటే: వంతు అమ్మది. చెంచీ అని అరిచాను. వెనక్కి తిరగడానికి నాకు ధైర్యం చాలలేదు. ఆ చిన్న జాగాలో తల తిప్పడానికి పట్టిన కాలం, కర్నూలు నుంచి అక్కడిదాకా వచ్చిన కాలం కన్నా ఎక్కువ.

చెంచి కుర్చీలో ఉంది. వారులు భుజాల మీద బిగిసి ఉన్నాయి. బోడి తల మీద ఒక గింజ అతుక్కుంది. కళ్లు నులుముకుని చుట్టూ చూసి, చిలక మీద పడిన ఎర్రటి ముక్కను తీసి నోట్లో పెట్టుకుంది. తియ్యగా ఉన్నట్టుంది, ఇంకో ముక్క కోసం చెయ్యి చాపింది.

నేను నవ్వాను. నవ్వుతూనే ఏడ్చాను. ఖాసీం స్టీరింగు మీద తల పెట్టుకుని "యా అల్లా" అంటున్నాడు. గొర్రెలు కారు చుట్టూ చేరి, తలుపు కింద కారుతున్న రసం నాకుతున్నాయి.

అమ్మ ముందు సీటుకు కొట్టుకుంది. మోచెయ్యి గీరుకుపోయింది, అంతకు మించి ఏం కాలేదు. కానీ ఆమె దాన్ని చూసుకోవడం లేదు. రెండు చేతులూ అలాగే గుండ్రంగా, మధ్యలో ఏదో ఉన్నట్టే పట్టుకుని ఉంది. వేళ్లు ఇంకా ఒకదానికొకటి దగ్గరగానే ఉన్నాయి.

"నేను ఇడవలేదురా" అంది. "గట్టిగానే పట్టుకోనుండా. అదే పోయింది."

నీళ్లు తెచ్చి మొహం కడిగాం. మందను తోలే మనిషి పగిలిన చెక్కలు ఏరుకుని, గొర్రెలకు వేయొచ్చా అని అడిగి తీసుకుపోయాడు. మళ్లీ బయలుదేరే ముందు అమ్మ చెంచి భుజం మీది వారు కింద రెండు వేళ్లు పెట్టి చూసింది. మూడోది పెట్టబోయింది. దూరలేదు. మైదుకూరు రాయి వచ్చింది, దాటింది. ఆమె ఏ కిటికీ వైపూ చూపించలేదు, ఏ వంతూ అడగలేదు. కడప దాకా చేతులు ఒళ్లో పెట్టుకుని వాటినే చూసుకుంటూ వచ్చింది.

కడప

కడపలో రాగి సంగటి గురించి, అక్కడి కారం దోసె గురించి రాయాలనే ఉంది. ఆ దోసె తిని నేను రెండు చెంబుల మజ్జిగ తాగాను. కర్నూలువాళ్లం కారం తింటామన్న గర్వం ఆ పూటతో పోయింది. కానీ అది సాయంత్రం సంగతి. ముందు మధ్యాహ్నం జరిగింది చెప్పాలి.

మామగారింటి ముందు కారు ఆగగానే, చంటిబిడ్డను ఎత్తుకుని సుభద్ర వాకిట్లోకి వచ్చింది. మా బట్టల మీది ఎరుపు చూసి ఆమె మొహంలో నెత్తురు లేకుండా పోయింది. పుచ్చకాయ, పుచ్చకాయ అని నేను కేకలు పెట్టాను. ఆమె నన్ను పట్టించుకోలేదు. కారులోకి వంగి చెంచి నుదురు చూసింది. బొటనవేలితో గంధం తుడిచి మళ్లీ చూసింది. ఒక్కటే మచ్చ. అప్పుడు గానీ ఊపిరి వదల్లేదు.

వియ్యపురాలు కాళ్లకు నీళ్లు తెచ్చింది. అల్లుడి తల్లి, వియ్యాలవారింటి గడపలో ముందు కాళ్లు కడిగించుకోవాలి, తర్వాతే మాట్లాడాలి. మా అమ్మ అలాంటివి ఎప్పుడూ తప్పేది కాదు. ఆ రోజు చెంబు పక్కన పెట్టమంది. రసం ఎండి జిగటగా ఉన్న చీరతోనే పోయి కోడలి ఎదురుగా నిలబడింది. అటు పక్క వియ్యంకుడు, ఇటు పక్క ఖాసీం, గోడ మీదినుంచి ఇద్దరు పొరుగు ఆడవాళ్లు చూస్తున్నారు. అందరికీ వినపడేటట్టే మాట్లాడింది.

"ఆ పొద్దు మంత్రాలయం దారిలో నువ్వు ఇడవలేదమ్మా. నాకు ఈ పొద్దు తెలిసింది. ఇట్ల పట్టుకున్యా, ఇట్లనే పోయింది."

అని ఆ రెండు చేతులూ గుండ్రంగా పెట్టి చూపించింది. నేను చెప్పాల్సిన మాట ఏడాదిగా చెప్పకుండా దాచుకున్నాను. మా అమ్మ ఒక్క రోజు కూడా దాచుకోలేదు. నాకు తల ఎత్తడం చేతకాలేదు.

సుభద్ర కళ్లు తుడుచుకుని, తన దగ్గరున్న రెండు నెలల పిల్లవాణ్ణి ఆ చేతుల్లోనే పెట్టింది.